పాసు పుస్తకం చూసి వచ్చే పైసలు: నారాయణపేట జిల్లాలో రైతు భరోసా, పీఎం కిసాన్ సేవల సమీక్ష

తెలంగాణలోని నారాయణపేట జిల్లాలో ఎకరం పట్టా భూమి ఉన్న రైతు ఖాతాలోకి ప్రభుత్వ సొమ్ము రెండు దారుల్లో వస్తుంది. రాష్ట్రం ఇచ్చే రైతు భరోసా వానాకాలానికి 6,000, యాసంగికి 6,000 రూపాయలు. కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ నాలుగు నెలలకొకసారి 2,000 చొప్పున ఏడాదికి మరో 6,000. అన్నీ అందితే మొత్తం 18,000. ఈ పథకాలను ఎన్నికల వాగ్దానాలుగా పొగిడేవారు, తిట్టేవారు చాలామందే ఉన్నారు. వీటిని ఒక సేవగా చూసి, చెప్పిన వేళకు అందుతున్నదా, అందాల్సిన మనిషికే అందుతున్నదా, అందకపోతే అడగడానికి ఒక చోటు ఉన్నదా అని పరిశీలించినవారు తక్కువ. ఈ సమీక్ష ఉద్దేశం అదే. మా కుటుంబానికి ఈ జిల్లాలో కొద్దిపాటి మెట్ట ఉంది; 2018లో మొదటి చెక్కు అందుకున్ననాటి నుంచి మేమూ లబ్ధిదారులమేనన్న సంగతి ముందే చెప్పడం న్యాయం.

ఈ జిల్లానే ఎంచుకోవడానికి కారణం ఉంది. 2019 ఫిబ్రవరి 17న పాత మహబూబ్‌నగర్ నుంచి విడిపడిన నారాయణపేట, రాయచూరు, యాదగిరి జిల్లాలను ఆనుకుని కర్ణాటక సరిహద్దున ఉంటుంది. పత్తి, కంది, బోర్ల కింద వరి ఇక్కడి పంటలు. పుణె, ముంబై, హైదరాబాదుల్లో కట్టడాల పనికి వలసపోయే పాలమూరు కూలీల ఊళ్లు చాలావరకు ఈ వైపువే. 2025 జనవరి 26న రైతు భరోసాను ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ప్రారంభించింది కూడా ఈ జిల్లాలోని కోస్గి మండలం చంద్రవంచ గ్రామంలోనే. దానికి ముందున్న రైతుబంధును 2018 మే 10న హుజూరాబాద్ నియోజకవర్గంలో కేసీఆర్ ప్రారంభించారు. పేరు మారింది, రేటు మారింది, లోపలి యంత్రం మాత్రం చాలావరకు అదే.

ముందు ఆ యంత్రాన్ని మెచ్చుకోవాలి. వ్యవసాయ శాఖ రాయితీ ఏదైనా పొందాలంటే ఒకప్పుడు దరఖాస్తు, కొటేషను, ఫొటో, సంతకం, మళ్లీ సంతకం అన్నట్టుగా ఉండేది. డ్రిప్పు పరికరాలకు, యంత్రాలకు ఇప్పటికీ దాదాపు అలాగే ఉంది. రైతుబంధు ఆ పద్ధతిని పక్కనపెట్టింది. మొదటి సీజన్‌లో ఊరి మధ్య సభ పెట్టి చెక్కులు పంచారు. ఆ ఏడాది యాసంగి నాటికి ఎన్నికల నియమావళి అడ్డురావడంతో నేరుగా బ్యాంకు ఖాతాలో జమ చేయడం మొదలైంది, అదే స్థిరపడింది. పాసు పుస్తకం నంబరు, ఆధార్, ఖాతా నంబరు ఒకసారి వ్యవసాయ విస్తరణాధికారి దగ్గర నమోదైతే తరువాతి సీజన్ నుంచి రైతు ఎవరినీ కలవనక్కరలేదు, ఏ కాగితమూ ఇవ్వనక్కరలేదు, ఎవరి చేయీ తడపనక్కరలేదు. డబ్బు పడినట్టు ఫోనుకు సందేశం వస్తుంది. 2025 జూన్‌లో తొమ్మిది రోజుల్లో సుమారు తొమ్మిది వేల కోట్ల రూపాయలను ఈ పద్ధతిలోనే రాష్ట్రమంతటా జమ చేశారు. తలచుకుంటే ఈ యంత్రం ఎంత వేగంగా పనిచేయగలదో ఆ తొమ్మిది రోజులు చూపించాయి.

తలచుకోని సీజన్లలో ఏం జరిగిందో కూడా చూడాలి. పెట్టుబడి సాయం అన్న పేరుకు అర్థం ఉండాలంటే వానాకాలం డబ్బు మృగశిర కార్తె నాటికి, యాసంగి డబ్బు నార్లు పోసే వేళకు చేతిలో ఉండాలి. 2023-24 యాసంగికి వచ్చిన అనుభవం వేరు. శాసనసభ ఎన్నికల వేళ చెల్లింపుకు ఎన్నికల సంఘం ముందు అనుమతించి, అధికార పక్షం దాన్ని ప్రచారంలో ప్రస్తావించినందుకు పోలింగుకు కొద్ది రోజుల ముందు ఆ అనుమతిని వెనక్కి తీసుకుంది. కొత్త ప్రభుత్వం డిసెంబరులో పంపిణీ మొదలుపెట్టినా, ఐదెకరాలు దాటిన వారికి 2024 మే వరకు సాగింది. అప్పటికి వరి కోసి, అమ్మి, వడ్డీ కట్టడం కూడా అయిపోయింది. ఆ తరువాతి వానాకాలానికి అసలు రాలేదు. ఆ నెలల్లో ప్రభుత్వం రెండు లక్షల లోపు రుణమాఫీ మీద దృష్టి పెట్టింది. రుణమాఫీ మంచిదే, కానీ బ్యాంకులో పంట రుణం లేని రైతుకు ఆ సీజన్‌లో రెండూ దక్కలేదు. 2025 జనవరిలో మళ్లీ మొదలైనప్పుడు మొదట మండలానికి ఒక్క గ్రామానికి, తరువాత ఎకరం లోపు వారికి, ఆపైన రెండెకరాలకు, మూడెకరాలకు అంటూ మెట్లు కట్టారు. నాలుగెకరాల మెట్టు చేరేసరికి మార్చి వచ్చింది. చిన్న రైతుకు ముందు ఇవ్వాలన్న వరుసను నేను సమర్థిస్తాను. అయితే ఆ వరుసలో తన వంతు ఏ తేదీన వస్తుందో రైతుకు ముందుగా తెలియదు. తేదీ తెలియని డబ్బును నమ్ముకుని ఎవరూ విత్తనాలు కొనరు. షావుకారు దగ్గర అప్పు తెచ్చి కొంటారు, సాయం వచ్చాక ఆ అప్పులో జమ చేస్తారు. ఈ కారణంగా సమయపాలన విషయంలో ఈ సేవకు సగం మార్కులకు మించి వేయలేను.

ఆరు వేలతో ఏమొస్తుందన్న ప్రశ్నకు మా పత్తి చేను లెక్కే చెబుతాను. 2025లో బీజీ-2 పత్తి విత్తనాల ప్యాకెట్టు గరిష్ఠ ధర 901 రూపాయలు. ఎకరానికి రెండు ప్యాకెట్లంటే 1,802. ఒక బస్తా డీఏపీ 1,350, రెండు బస్తాల యూరియా సుమారు 533. ఇవన్నీ కలిపితే 3,685 రూపాయలు, మిగిలేది 2,315. దుక్కికి, విత్తడానికి అందులో కొంత సరిపోతుంది. కలుపు కూలి, పురుగు మందులు, ఆపైన పత్తి ఏరే కూలి రైతు సొంత బాధ్యత. అంటే ఈ సాయం పంటను విత్తే దాకా మోస్తుంది. దాన్ని తక్కువ చేసి మాట్లాడటం సరికాదు. విత్తే వేళకు చేతిలో రొక్కం లేకపోవడమే ఈ మెట్ట ప్రాంతపు పాత జబ్బు. అయితే ఎకరానికి ఏడాదికి 15,000 ఇస్తామని ఎన్నికల ముందు చెప్పి 12,000 దగ్గర ఆగిన సంగతిని కూడా సమీక్షలో దాచకూడదు.

రెండు పథకాల సూత్రాలను పక్కపక్కన పెట్టి చూస్తే మరో విషయం బయటపడుతుంది. రైతు భరోసా భూమిని బట్టి కొలుస్తుంది. గుంటకు, అంటే ఎకరంలో నలభయ్యో వంతుకు, 150 రూపాయలు లెక్క. ఇరవై గుంటల రైతుకు సీజన్‌కు 3,000, నలభై ఎకరాల ఆసామికి 2,40,000. విస్తీర్ణానికి పై హద్దు లేదు. పీఎం కిసాన్ కుటుంబాన్ని బట్టి కొలుస్తుంది. రెండెకరాల వారికైనా ఇరవై ఎకరాల వారికైనా ఏడాదికి అదే 6,000. రెండెకరాల రైతుకు అది ఎకరానికి 3,000 అయితే ఇరవై ఎకరాల వారికి 300 మాత్రమే. మొదటిది పంట ఖర్చుకు దగ్గరగా ఉంటుంది, రెండోది పేదరికానికి దగ్గరగా ఉంటుంది. పది ఎకరాల దగ్గర హద్దు గీసి, ఆదా అయిన సొమ్ముతో రెండున్నర ఎకరాల లోపు వారికి రేటు పెంచితే బాగుంటుందని నా అభిప్రాయం. రాష్ట్రంలో సగటు కమతం సుమారు రెండున్నర ఎకరాలే కనుక ఆ హద్దు వల్ల నష్టపోయేవారు కొద్దిమందే.

ఇక అసలు విషయానికి వద్దాం. ఈ యంత్రం చేనును చూడదు, పాసు పుస్తకాన్ని చూస్తుంది. దాని వేగానికి మూలం అదే, దాని అన్యాయానికి మూలం కూడా అదే. దున్నేవాడు, పట్టాదారు ఒక్కరే అయిన ఇంట్లో ఈ సేవకు వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు. ఇద్దరూ వేరైన చోట డబ్బు దున్నని వారికి చేరుతుంది. హైదరాబాదులో స్థిరపడి భూమిని కౌలుకిచ్చిన పట్టాదారు ఖాతాలో ఎకరానికి ఏడాదికి 12,000 పడతాయి, పైగా కౌలు కూడా అందుతుంది. విత్తనాలు కొన్న కౌలు రైతుకు సందేశం రాదు. సాయం వస్తున్నది కదా అని మా వైపు కౌలు తగ్గించిన ఆసాములను నేను ఎరగను. కౌలు అన్నది ఇద్దరు మనుషుల మధ్య ఒప్పందం, అందులో ప్రభుత్వం తలదూర్చదు అన్నది రైతుబంధు నాటి ప్రభుత్వ వాదన. తరువాత వచ్చిన ప్రభుత్వం కౌలు రైతులకు కూడా ఇస్తామని ఎన్నికల ముందు చెప్పింది. అమలులో మాత్రం భూమి పట్టా ఉన్నవారి దగ్గర, అటవీ హక్కు పత్రాలు ఉన్నవారి దగ్గర ఆగిపోయింది. రైతు బీమా కూడా ఇదే గీత మీద నడుస్తుంది. 18 నుంచి 59 ఏళ్ల లోపు పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి ఐదు లక్షలు అందుతాయి. అది నిజంగా గొప్ప సదుపాయం. అదే ఊళ్లో, అదే వయసులో, అదే చేనులో చనిపోయిన కౌలు రైతు కుటుంబానికి ఏమీ అందదు.

కౌలు రైతును గుర్తించడం చెప్పినంత సులువు కాదన్న సంగతిని ఒప్పుకోవాలి. తెలంగాణ ప్రాంతానికి 1950 నాటి కౌలుదారీ చట్టం ఉంది. అందులోని 38-ఇ సెక్షను కింద రక్షిత కౌలుదారులకు భూమి మీద యాజమాన్యమే దక్కింది. ఆ జ్ఞాపకం పట్టాదారుల ఇళ్లలో ఇంకా చల్లారలేదు. కౌలు కాగితం రాసిస్తే భూమి పోతుందన్న భయం తాతల నుంచి మనవళ్లకు చేరింది. అందుకే మా జిల్లాలో కౌలు ఎక్కువగా నోటిమాట మీదే నడుస్తుంది, ఏటా మారుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో చేసిన చట్టం కింద సాగుదారులకు ఏడాది కాలపు రుణ అర్హత కార్డులు ఇచ్చేవారు; తెలంగాణ వచ్చాక వాటిని పట్టించుకోవడం మానేశారు. భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చాక, పహాణీలో సాగు చేస్తున్నదెవరో రాసే అనుభవదారు గడి కూడా పోయింది. ఆంధ్రప్రదేశ్ 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం చేసి, పదకొండు నెలల కాలానికి కార్డులు ఇస్తున్నది. యజమాని ఒప్పుకోకపోతే అక్కడ కూడా కార్డు దక్కడం కష్టమే, అయినా కనీసం అడగడానికి ఒక కాగితం ఉంది. మన దగ్గర ప్రతి సీజన్‌లో విస్తరణాధికారులు సర్వే నంబరు వారీగా పంట నమోదు చేస్తూనే ఉన్నారు. ఏ చేనులో ఏ పంట ఉందో రాసుకునే చోట, వేసిందెవరో కూడా రాసుకుని, దానికి యాజమాన్యంతో సంబంధం లేదని చట్టంలో స్పష్టంగా చెప్పగలిగితే సగం చిక్కు విడుతుంది. మిగతా సగం ధైర్యానికి సంబంధించినది. పట్టాదారులు ఎక్కువమంది, కౌలు రైతులు తక్కువమంది అన్న లెక్క ఏ పార్టీకైనా తెలుసు.

పాసు పుస్తకమే కొలమానం కావడంతో నష్టపోయే వారిలో కౌలు రైతులు ఒక్కరే లేరు. 2017 సెప్టెంబరులో మొదలైన భూరికార్డుల ప్రక్షాళనలో వివాదం ఉన్న భూములను పార్ట్-బి అనే జాబితాలో వేశారు. ఆ భూములకు పుస్తకం రాలేదు, పుస్తకం లేదు కనుక సాయం లేదు. సాదా బైనామా మీద, అంటే తెల్ల కాగితం మీద రాసుకుని కొన్న భూములది మరో కథ. కొన్నవారు దశాబ్దాలుగా దున్నుతున్నా రికార్డులో అమ్మినవారి పేరే ఉంటుంది. 2020లో క్రమబద్ధీకరణకు దరఖాస్తులు తీసుకున్నా, కోర్టు కేసు వల్ల ఏళ్ల తరబడి కదలలేదు. ఈలోగా ఎప్పుడో అమ్ముకున్న భూమికి కొందరి ఖాతాల్లో సాయం పడుతూ వచ్చింది. కొందరు పెద్దమనుషులు ఆ డబ్బు తెచ్చి కొన్నవారి చేతిలో పెట్టారు. మరికొన్ని చోట్ల ఆ డబ్బే కొత్త తగాదాకు మొదలైంది. ఎప్పుడో తీరిపోయిన బేరం మళ్లీ పంచాయితీకి ఎక్కింది. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. రెవెన్యూ అధికారుల దగ్గరే పొరపాట్లు సరిదిద్దుకునే వీలు, అప్పీలుకు వెళ్లే దారి అందులో ఉన్నాయి. పెట్టుబడి సాయం బాగుపడాలంటే ముందు ఈ రికార్డు బాగుపడాలి, డబ్బు సంగతి ఆ తరువాతిది.

ఒక మెరుగుదలను మాత్రం మనస్ఫూర్తిగా చెప్పుకోవాలి. రైతుబంధు కాలంలో వెంచర్లుగా మారిన భూములకు, రాళ్ల గుట్టలకు, రోడ్ల కింద పోయిన సర్వే నంబర్లకు కూడా డబ్బు పడేది. 2025 జనవరిలో గ్రామాల వారీగా బృందాలు తిరిగి సాగుకు పనికిరాని భూములను గుర్తించి, గ్రామసభల్లో చదివి, జాబితా నుంచి తీసివేశాయి. మా వైపు ఆ సభల్లో కేకలు వినిపించినా పని జరిగింది. అయితే సాగుకు యోగ్యమైతే చాలు, సాగు చేసి తీరాలన్న షరతు లేదు. బీడుగా వదిలేసిన చెలకకూ సాయం వస్తుంది. వర్షాధార ప్రాంతంలో ఒక సీజన్ చేను బీడు పెట్టుకోవడం నేరమేమీ కాదు కనుక ఈ ఉదారతను నేను తప్పుపట్టను.

భూమి లేని కూలీల కోసం రైతు భరోసాతో పాటు అదే రోజు ప్రారంభమైన ఇందిరమ్మ ఆత్మీయ భరోసా గురించి కొద్దిగా చెప్పాలి. ఏడాదికి 12,000 ఇచ్చే ఈ పథకానికి, 2023-24లో ఉపాధి హామీ కింద కనీసం ఇరవై రోజులు పనిచేసి ఉండాలన్నది షరతు. కాగితం మీద సబబుగానే ఉంది. కానీ దసరా దాటగానే పిల్లాపాపలతో పుణె బస్సు ఎక్కే కుటుంబానికి ఊళ్లో ఇరవై రోజుల హాజరు ఎక్కడిది? గుంట భూమి కూడా లేక, ఊళ్లో పని దొరక్క వలసపోయిన వారికే ఈ షరతు తలుపు మూసింది. పథకాన్ని చంద్రవంచలో ప్రారంభించినవారికి ఈ సంగతి తట్టవలసింది.

పీఎం కిసాన్ సేవ నాణ్యత వేరే రకంగా ఉంది. 2019 ఫిబ్రవరి 24న గోరఖ్‌పూర్‌లో ప్రారంభమైన నాటి నుంచి విడతలు మొత్తం మీద లెక్క తప్పకుండా వస్తున్నాయి. సమయపాలనలో రాష్ట్రం కంటే కేంద్రానికే ఎక్కువ మార్కులు. ఆదాయపు పన్ను కట్టేవారిని, నాలుగో తరగతి సిబ్బంది మినహా ప్రభుత్వ ఉద్యోగులను, నెలకు పది వేలు ఆపైన పింఛను తీసుకునేవారిని, వృత్తిలో ఉన్న డాక్టర్లు, లాయర్లు వంటివారిని తప్పించడం కూడా మంచి నిబంధనే. చిక్కు 2019 ఫిబ్రవరి 1 అన్న గడువు తేదీతో వస్తుంది. ఆ తరువాత భూమి కొన్నవారికి సాయం లేదు. యజమాని చనిపోయి వారసత్వంగా వచ్చిన భూమికి మాత్రమే మినహాయింపు. తండ్రి బతికుండగానే పంచి రిజిస్ట్రేషను చేసిచ్చిన కొడుకులు, నిజంగా వ్యవసాయంలోనే ఉన్న పడుచువాళ్లు, ఈ తేదీ వల్ల బయట ఉండిపోయారు. ఇన్నేళ్లయినా ఆ తేదీని జరపకపోవడానికి ఖర్చు తప్ప మరో కారణం నాకు కనిపించలేదు.

పీఎం కిసాన్ డబ్బు ఆగిపోయినవారు ముందుగా పోర్టల్‌లో తమ స్థితిని తెరిచి మూడు విషయాలు చూసుకోవాలి: ఈకేవైసీ (ఆధార్‌తో గుర్తింపు నిర్ధారణ) అయిందా, భూమి వివరాలు అనుసంధానమయ్యాయా, బ్యాంకు ఖాతాకు ఆధార్ ముడిపడి ఉందా. కారణం చెప్పే ఈ ఏర్పాటు మెచ్చదగినది; రాష్ట్ర పథకంలో ఇంత స్పష్టత లేదు. మూడో అంశం దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. డబ్బు రైతు రాసిచ్చిన ఖాతాకు కాక, ఆధార్‌తో చివరగా అనుసంధానమైన ఖాతాకు వెళుతుంది. వలస వెళ్లిన చోట కూలి డబ్బు కోసం తెరిచిన ఖాతాలో రెండు వేలు పడి ఉంటే, ఊళ్లో బ్యాంకు చుట్టూ తిరిగి లాభం లేదు. ఫోను నంబరు మారి ఓటీపీ రానివారు వేలిముద్రతో గానీ, యాప్‌లో ముఖం చూపించి గానీ ఈకేవైసీ పూర్తి చేయవచ్చు.

రాష్ట్ర సాయం ఆగితే అడగడానికి ఉన్న చోటు ఒక్కటే, విస్తరణాధికారి. ఒక్కొక్కరికి సుమారు ఐదు వేల ఎకరాల క్లస్టరు, అందులో పంట నమోదు, రైతు బీమా, ఎరువుల లెక్క, రైతు వేదికలో సమావేశాలు. మా క్లస్టరులో పనిచేసినవారు ఓపికగా సమాధానం చెప్పారు, కానీ డబ్బు ఎందుకు రాలేదో చాలాసార్లు వారికీ తెలియదు. హైదరాబాదులో ఆగింది అన్నదే జవాబు. పాత బాకీ కింద సాయాన్ని పట్టుకున్న బ్యాంకులూ లేకపోలేదు. అలా చేయవద్దని ప్రభుత్వం బ్యాంకులకు చెప్పిన సంగతిని రైతు గుర్తుపెట్టుకుని, మేనేజరుకు రాతపూర్వకంగా ఇస్తే సాధారణంగా వదులుతారు.

పారదర్శకత గురించి ఒక మాట. అమెరికాలో ఎన్విరాన్‌మెంటల్ వర్కింగ్ గ్రూప్ అనే సంస్థ 1995 నుంచి పంచిన వ్యవసాయ సబ్సిడీలు ఏ కౌంటీలో ఎవరికెంత చేరాయో ప్రభుత్వం నుంచి సమాచారం రాబట్టి అందరికీ చూపిస్తున్నది. పీఎం కిసాన్ పోర్టల్‌లో కూడా గ్రామాల వారీగా లబ్ధిదారుల జాబితా చూడవచ్చు. రైతు భరోసాకూ ఊరి పేరు కొడితే ఎన్ని ఎకరాలకు, ఎంత మందికి, ఎంత చేరిందో కనిపించే జాబితా ఉండాలి, దాన్ని పంచాయతీ గోడ మీద కూడా అంటించాలి. వెంచర్ల పేరు మీద పోయిన డబ్బు అంతకాలం ఎవరి కంటా పడకపోవడానికి ఆ జాబితా లేకపోవడమూ ఒక కారణం.

ఇప్పుడు రైతులు వెంటనే చేయవలసిన పని ఒకటుంది. 2025 మే నుంచి తెలంగాణలో ఫార్మర్ రిజిస్ట్రీ (రైతుల గుర్తింపు జాబితా) నమోదు జరుగుతున్నది. పాసు పుస్తకం, ఆధార్, ఆధార్‌కు ముడిపడిన ఫోను తీసుకుని విస్తరణాధికారి దగ్గరకు లేదా మీసేవకు వెళితే పదకొండు అంకెల గుర్తింపు సంఖ్య ఇస్తారు. పీఎం కిసాన్‌కు దీన్ని ముడిపెడుతున్నారు కనుక వాయిదా వేయకూడదు. కొత్తగా పట్టా అయినవారు ఆ పనితోపాటే రైతు భరోసా కోసం బ్యాంకు ఖాతా జిరాక్సు కూడా ఇచ్చి రావాలి, ఎందుకంటే ప్రతి సీజన్‌కు కొత్త పుస్తకాలను తీసుకోవడానికి ఒక గడువు తేదీ ఉంటుంది, అది దాటితే మళ్లీ ఆరు నెలల తరువాతే. ఈ రిజిస్ట్రీ కూడా పట్టాదారుల జాబితా నుంచే తయారవుతున్నది. కౌలుకు చేసేవారికి అందులో ప్రస్తుతానికి గడి లేదు.